సైనస్ వల్ల జ్వరం వస్తుందా? వస్తే ఎప్పుడు, ఎంత?

కావలి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వయసు 38. ఎనిమిది రోజుల కిందట జలుబు మొదలైంది. మొదటి రెండు రోజులు కొంచెం ఒళ్లు వేడిగా ఉండి తగ్గిపోయింది. నాలుగో రోజుకి బాగానే ఉందనిపించింది. ఆరో రోజు నుంచి మళ్లీ ముక్కు దిబ్బడ, కుడి బుగ్గలో నొప్పి, పచ్చటి చీమిడి, సాయంత్రమయ్యేసరికి 101 జ్వరం. మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ ఇస్తే మూడు రోజులు వేసుకున్నారు, పెద్దగా తేడా లేదు. "నాకు పాత సైనస్ ఉంది, జ్వరం దానివల్లేనా? ఎక్స్‌రే తీయించాలా? మా వీధిలో డెంగీ వచ్చిందంటున్నారు, టెన్షన్‌గా ఉంది" అని రాశారు.

నేను నెల్లూరులో చాలా ఏళ్లుగా చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా చేస్తున్నాను. ముందు మీ ప్రశ్నకి సూటిగా జవాబు చెబుతాను.

మీరు చెప్పిన తీరు చూస్తే బ్యాక్టీరియా వల్ల వచ్చిన సైనసైటిస్ అయ్యే అవకాశం బాగా ఉంది. తగ్గిన జలుబు ఐదారు రోజులకి మళ్లీ తిరగబెట్టి, జ్వరం, ఒకవైపు బుగ్గ నొప్పి, చిక్కటి చీమిడి కలిసి రావడం దానికి ముఖ్యమైన గుర్తు. ఎక్స్‌రే అవసరం లేదు. కానీ జ్వరం మొత్తాన్ని సైనస్ ఖాతాలో వేసేసి కూర్చోవద్దు. మీ వీధిలో డెంగీ ఉంది, మళ్లీ మొదలైన జ్వరానికి ఇది మూడో రోజు. ఇవాళో రేపో రక్తపరీక్ష చేయించండి. ప్లేట్‌లెట్లతో సహా కంప్లీట్ బ్లడ్ పిక్చర్, డెంగీ ఎన్ఎస్1, మలేరియా పరీక్ష, ఈ మూడూ చాలు.

ఇక మీ "పాత సైనస్" సంగతి. ఏళ్ల తరబడి ఉండే సైనస్ బాధ మామూలుగా జ్వరం తీసుకురాదు. ముక్కు బిగదీయడం, వాసన తెలియకపోవడం, గొంతులోకి కఫం జారడం, ముఖం బరువు, ఇవే దాని లక్షణాలు. పాత సైనస్ ఉన్న మనిషికి 101 వచ్చిందంటే కొత్తగా ఏదో జరిగిందని అర్థం. అది సైనస్‌లోనే కొత్త ఇన్ఫెక్షన్ కావచ్చు, అసలు సైనస్‌తో సంబంధం లేని జ్వరమూ కావచ్చు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముక్కు చుట్టూ ఎముకల్లో నాలుగు జతల గాలి గదులు ఉంటాయి, వీటినే సైనస్‌లు అంటాం. వాటిలో వచ్చే వాపే సైనసైటిస్. బుగ్గల్లో ఒక జత, నుదుట్లో ఒక జత, రెండు కళ్ల మధ్య చిన్న చిన్న అరలుగా ఒక జత, వాటి వెనక లోపలగా ఇంకో జత. ప్రతి గదిలోనూ కొంచెం జిగురు ఊరుతూ సన్నటి దారి గుండా ముక్కులోకి వచ్చేస్తుంటుంది. జలుబు చేసినప్పుడు లోపలి పొర వాచి ఆ దారి మూసుకుపోతుంది. తూము పూడిపోయిన చెరువులో నీళ్లు నిలిచి పాచి పట్టినట్టు, లోపల జిగురు నిలిచి అందులో బ్యాక్టీరియా పెరుగుతుంది. అయితే ఇది ప్రతి జలుబుకీ జరగదు. పెద్దవాళ్లలో వంద జలుబుల్లో రెండింటికి మించి బ్యాక్టీరియా సైనసైటిస్‌గా మారవు. మిగతావన్నీ వైరస్ జలుబులే, వారం పది రోజుల్లో వాటంతటవే పోతాయి.

జ్వరం ఎంత ఉందనే దానికంటే ఏ రోజున వచ్చింది, ఎలా వచ్చింది అన్నది మాకు ఎక్కువ పనికొస్తుంది.

జలుబుతో పాటే మొదటి ఒకటి రెండు రోజులు 100, 101 వచ్చి పోతే అది వైరస్. చీమిడి నాలుగో రోజుకి పసుపు, పచ్చ రంగుకి మారినా సరే వైరసే. ఆ రంగు మన తెల్ల రక్తకణాల నుంచి వస్తుంది. రంగు మారిందని చెప్పి యాంటీబయాటిక్ మొదలుపెట్టక్కర్లేదు. ఈ ఒక్క మాట మీ ఇంట్లో అందరికీ చెప్పండి.

బ్యాక్టీరియా అని అనుమానించే సందర్భాలు మూడు. జలుబు లక్షణాలు పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోవడం ఒకటి, ఇందులో జ్వరం ఉండొచ్చు, ఉండకపోనూవచ్చు. మొదటి నుంచే 102 దాటిన జ్వరం, చీములాంటి చీమిడి, ముఖం నొప్పి కలిసి మూడు నాలుగు రోజులు వరసగా ఉండటం రెండోది. మూడోది మీకు జరిగింది, తగ్గి మళ్లీ ముదరడం.

చాలామందికి తెలియని ఇంకో విషయం: తీవ్రమైన సైనసైటిస్ ఉన్న పెద్దవాళ్లలో కూడా జ్వరం లేనివాళ్లు చాలామంది ఉంటారు. "జ్వరం లేదు కాబట్టి సైనస్ కాదు" అనడానికీ లేదు, "జ్వరం ఉంది కాబట్టి సైనసే" అనడానికీ లేదు.

మన జిల్లాల్లో తలపోటుతో జ్వరం అంటే ముందు ఏం గుర్తుకు రావాలి

నెల్లూరు, ప్రకాశం వైపు మనకి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో పడతాయి. జలుబులూ అప్పుడే, దోమలూ అప్పుడే. ఒకే నెలలో ఇంట్లో ఒకరికి రొంప, ఇంకొకరికి డెంగీ. రెండిట్లోనూ తలపోటు ఉంటుంది కాబట్టి గందరగోళం.

ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల మీద పనిచేసే ఒకాయన నా దగ్గరికి వచ్చారు. నాలుగు రోజులుగా 103, కళ్ల వెనక నొప్పి, నుదురు పగిలిపోతోందని చెప్పారు. ఊళ్లో సైనస్ అని చెప్పి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు వేశారు. ముక్కులో ఎండోస్కోప్ పెట్టి చూస్తే లోపల శుభ్రంగా ఉంది. చీము లేదు, వాపు లేదు. కళ్లు అటూ ఇటూ తిప్పమంటే నొప్పి పెరుగుతోందన్నారు. ఒంటి నొప్పులు అడిగితే కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నానన్నారు. డెంగీ పాజిటివ్ వచ్చింది, ప్లేట్‌లెట్లు అప్పటికే బాగా పడిపోయాయి. ఫిజీషియన్ దగ్గర అడ్మిట్ అయి కోలుకున్నారు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి వాడితే రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. అందుకే కారణం తేలేదాకా జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. పెద్దవాళ్లకి 500 లేదా 650 మిల్లీగ్రాములు, ఆరు గంటల తేడాతో. డాక్టరు చెప్పకుండా రోజుకి 3 గ్రాములు దాటొద్దు. లివర్ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు ముందు అడిగి వేసుకోవాలి.

ముక్కు పరిస్థితి చూస్తే సగం తేలిపోతుంది. ముక్కు దిబ్బడ, చిక్కటి చీమిడి లేకుండా జ్వరం, తలపోటు మాత్రమే ఉంటే సైనస్ మీద అనుమానం చాలా తక్కువ. డెంగీలో జ్వరం హఠాత్తుగా ఎక్కుతుంది, ఒళ్లు, కీళ్లు విపరీతంగా నొప్పి పుడతాయి. జ్వరం తగ్గిన రోజే గండం గడిచిందనుకోకూడదు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా ఉండటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

స్క్రబ్ టైఫస్ ఇంకోటి. పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న నల్లి లాంటి పురుగు కుట్టడం వల్ల వస్తుంది. తలపోటు, జ్వరం తీవ్రంగా ఉంటాయి. చంకలో, నడుం దగ్గర, గజ్జల్లో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టిన మచ్చ ఉంటుంది, అందరికీ కనిపించకపోవచ్చు. పొలానికి, గొర్రెల వెనక వెళ్లేవాళ్లకి జ్వరం వస్తే బట్టలు తీసి ఒళ్లంతా చూడాలి. దీనికి డాక్సీసైక్లిన్ బాగా పనిచేస్తుంది. సైనస్‌కి రాసే అమాక్సిసిలిన్ అసలు పనిచేయదు. "ఏదో ఒక యాంటీబయాటిక్ వేసేస్తే పోతుంది" అనుకోవడం ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

టైఫాయిడ్‌లో జ్వరం రోజురోజుకీ మెట్లు ఎక్కినట్టు పెరుగుతుంది. మొదటి వారంలో ఒక్క వైడల్ పరీక్ష చూసి టైఫాయిడ్ అని తేల్చడం సరికాదు, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా పెరుగుతుందా అని చూసే పరీక్ష) చేయించడం మేలు. సాయంత్రం పూట సన్నటి జ్వరం, దగ్గు, బరువు తగ్గడం రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష చేయించుకోవాలి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారు. ఇలాంటివాళ్లు కూడా "సైనస్ జ్వరం" అనుకుని నెలలు గడిపేసి వస్తుంటారు. చూస్తే చాలా బాధగా ఉంటుంది.

మరి మీకు మందు ఏమిటి?

రక్తపరీక్షలో డెంగీ, మలేరియా లేవని తేలితే సాధారణంగా మేము మొదట రాసేది అమాక్సిసిలిన్, లేదా అమాక్సిసిలిన్-క్లావులనేట్. పెద్దవాళ్లకి ఐదు నుంచి ఏడు రోజులు. మోతాదు మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి. పెన్సిలిన్ పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, వాళ్లకి వేరేవి ఉన్నాయి. మీరు వేసుకున్న అజిత్రోమైసిన్ పనిచేయకపోవడంలో ఆశ్చర్యం లేదు. సైనసైటిస్ తెచ్చే ముఖ్యమైన బ్యాక్టీరియా న్యూమోకాకస్. దానికి ఈ మందు మీద నిరోధం బాగా పెరిగిపోయింది, అందుకే సైనస్‌కి దీన్ని మొదటి మందుగా వాడొద్దని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా మన దగ్గర ప్రతి జలుబుకీ మూడు మాత్రల అజిత్రోమైసిన్ షీటు చేతిలో పెడుతున్నారు. దయచేసి అడిగి మరీ కొనుక్కోవద్దు.

సరైన మందు మొదలైన రెండు మూడు రోజుల్లో జ్వరం దిగాలి, నొప్పి తగ్గుముఖం పట్టాలి. పట్టకపోతే మందు మార్చాలా, అసలు రోగం వేరేనా అని డాక్టరు మళ్లీ ఆలోచించాలి. మూడో రోజు కూడా 101 ఉంటే కోర్సు అయ్యేదాకా ఆగకుండా మళ్లీ వెళ్లండి.

ముక్కు కడుక్కోవడం నిజంగా పనిచేస్తుంది. అర లీటరు నీళ్లలో సమంగా ఒక టీ స్పూను ఉప్పు, చిటికెడు వంటసోడా. సింక్ మీదకి వంగి, నోటితో గాలి పీలుస్తూ, ఒక ముక్కులోంచి పోస్తే రెండో ముక్కులోంచి రావాలి. నీళ్లు మాత్రం తప్పనిసరిగా మరగకాచి చల్లార్చినవే. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు, వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్లు నేరుగా పోయకూడదు. మంచినీటిలో ఉండే ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకి చేరి ప్రాణం తీస్తుంది. కేరళలో ఈ మధ్య వచ్చిన కేసుల గురించి మీరు వినే ఉంటారు. చాలా అరుదే, కానీ నీళ్లు కాచుకుంటే చాలు, ఆ భయం ఉండదు.

ముక్కు దిబ్బడకి వేసే జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు మూడు రోజులు, మహా అయితే ఐదు. ఆపైన వాడితే ముక్కు ఆ చుక్కలకి అలవాటుపడి, వేయకపోతే ఊపిరి ఆడదు. ఏడాదిగా జేబులో చుక్కల సీసా లేకుండా బయటికి కదలలేని ఒక కుర్రాడికి ఆ అలవాటు మాన్పించడానికి నెలలు పట్టింది. స్టెరాయిడ్ స్ప్రే (ఫ్లూటికాసోన్, మొమెటాసోన్) వేరు, దాన్ని డాక్టరు చెప్పినన్నాళ్లు వాడొచ్చు. తల కొంచెం ముందుకి వంచి, కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొట్టుకోండి. మధ్య దూలానికి తగలకుండా పక్క గోడ వైపు పోవాలి. లేకపోతే రక్తం వస్తుంది. బీపీ ఉన్నవాళ్లు జలుబు మాత్రలు అడగకుండా వేసుకోవద్దు, చాలావాటిలో ఉండే ఫినైల్‌ఎఫ్రిన్ బీపీ పెంచుతుంది.

ఆవిరి పడితే హాయిగా ఉంటుంది, రోగం త్వరగా పోదు. పెద్దవాళ్లు పట్టుకుంటే అభ్యంతరం లేదు. చిన్నపిల్లల్ని దుప్పటి కప్పి వేడినీళ్ల గిన్నె ముందు కూర్చోబెట్టొద్దు, ఒళ్లు కాలి ఆసుపత్రికి వచ్చే పిల్లలు ఉన్నారు. ఆ నీళ్లలో కర్పూరం వేయొద్దు, పిల్లలకి ఫిట్స్ రావచ్చు. పసిపిల్లల ముక్కులో ఆముదం, కొబ్బరినూనె వేసే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వస్తుంది. అమ్మమ్మలు, నాయనమ్మలు ప్రేమతోనే చేస్తారు. వాళ్లకి నెమ్మదిగా చెప్పి ఆపించండి.

ఆలస్యం చేయకుండా పరుగెత్తాల్సినవి

కంటి రెప్ప వాచి ఎర్రబడటం, కన్ను ముందుకి పొడుచుకు రావడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, చూపు మసకబారడం. నుదుటి మీద మెత్తగా వాపు. మెడ బిగుసుకుపోవడం, వాంతులతో కూడిన తీవ్రమైన తలపోటు, మగత, ఫిట్స్. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటిదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా సీటీ స్కాన్, చెవి ముక్కు గొంతు డాక్టరు, కంటి డాక్టరు అన్నీ ఒకేచోట ఉన్న పెద్దాసుపత్రికి నేరుగా వెళ్లండి.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. వాళ్లకి ముక్కుకి, కంటికి మధ్య ఎముక కాగితమంత పల్చగా ఉంటుంది. జలుబు, 102 జ్వరంతో ఉన్న ఆరేళ్ల పాపని పొద్దున్నే కన్ను వాచిందని తీసుకొచ్చారు. ఏదో పురుగు కుట్టిందనుకుని ముందు రోజంతా ఇంట్లో పసుపు రాశారట. అదే రోజు స్కాన్ తీసి, యాంటీబయాటిక్ నరానికి ఎక్కించాం, చూపుకి ఏమీ కాలేదు. ఇంకో రోజు ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. పిల్లలకి ఒక్క ముక్కులోంచే దుర్వాసనతో చీమిడి వస్తుంటే అది సైనస్ కాకపోవచ్చు. చింతగింజో, సెనగగింజో, బొమ్మలోని బటన్ బ్యాటరీయో లోపల ఇరుక్కుని ఉంటుంది. బ్యాటరీ అయితే గంటల్లోనే లోపలి పొరని కాల్చేస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. 2021లో కరోనా రెండో వేవ్ తర్వాత బ్లాక్ ఫంగస్ పేరు అందరికీ తెలిసింది. ఆ వేవ్ పోయింది, ఆ ఫంగస్ పోలేదు. షుగర్ అదుపు తప్పినవాళ్లలో ఇప్పటికీ చూస్తున్నాం. ఇందులో జ్వరం పెద్దగా ఉండకపోవచ్చు, అందుకే మోసపోతారు. ఒకవైపు ముఖం తిమ్మిరెక్కడం, ముక్కులోంచి నల్లటి చెక్కులు, అంగిట్లో నల్ల మచ్చ, పళ్లు కదలడం, రెప్ప వాలిపోవడం దీని గుర్తులు. గంటలు కూడా లెక్కే. షుగర్ ఉన్న మనిషికి సైనస్ నొప్పి అని చెప్పి ఎవరైనా డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయబోతే వద్దనండి. నొప్పి ఆ పూటకి పోతుంది, షుగర్ అమాంతం పెరుగుతుంది, ఫంగస్‌కి అదే కావాలి.

మీకు కుడి బుగ్గ ఒక్కటే నొప్పి అన్నారు కాబట్టి కుడివైపు పై దవడ పళ్లు కూడా చూపించుకోండి. పై దవడ పళ్ల వేర్లు బుగ్గలోని సైనస్ అడుగుని ఆనుకుని ఉంటాయి. పుచ్చిన పన్ను నుంచి చీము పైకి ఎక్కితే ఎన్ని మందులు వాడినా తిరగబెడుతూనే ఉంటుంది. ముక్కులో మీకే కుళ్లిన వాసన తెలుస్తుంటే ఈ అనుమానం ఇంకా పెరుగుతుంది. అప్పుడు పంటి డాక్టరు పని పూర్తయితేనే ముక్కు బాగుపడుతుంది.

ఎక్స్‌రే ఎందుకు వద్దన్నానంటే, మామూలు జలుబులో కూడా సైనస్‌లు మబ్బుగానే కనిపిస్తాయి. వైరస్సా బ్యాక్టీరియానా అన్నది అది చెప్పదు. మూడు నెలలు దాటిన బాధకి, లేదా పైన చెప్పిన ప్రమాద సూచనలకి సీటీ స్కాన్ తీస్తాం.

ఈ ఇన్ఫెక్షన్ తగ్గాక మీ పాత సైనస్ సంగతి తీరిగ్గా చూడాలి. అసలు అది సైనసేనా అన్నది ముందు తేల్చాలి. ఏళ్లుగా "సైనస్ తలపోటు" అని చెప్పుకునేవాళ్లలో చాలామందికి ఉన్నది మైగ్రేన్. ఎండకి, నిద్ర చాలకపోతే, అన్నం వేళ తప్పితే నొప్పి వచ్చి, వెలుతురు చూడలేక, వికారంగా ఉంటే అది మైగ్రేన్ వైపే చూపిస్తుంది. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ చేసేవాళ్లు, కొండపి, కందుకూరు వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పనిచేసేవాళ్లు, రైసుమిల్లు కూలీలు మా దగ్గరికి ముక్కు దిబ్బడతో వస్తారు, జ్వరం ఉండదు. వాళ్లకి దుమ్ము, పొగ వల్ల వచ్చే వాపు, అలర్జీ, కొందరికి ముక్కులో కండ పెరగడం. యాంటీబయాటిక్ వాళ్లకి ఏ మేలూ చేయదు. మాస్కు, ఉప్పునీళ్లు, స్ప్రే క్రమం తప్పకుండా వాడాలి, వాటితో తగ్గకపోతేనే ఆపరేషన్ గురించి ఆలోచించాలి.

ఇప్పటికి మీరు చేయాల్సింది: థర్మామీటరుతో రోజుకి నాలుగుసార్లు, పారాసిటమాల్ వేసుకునే ముందు జ్వరం చూసి టైముతో సహా కాగితం మీద రాయండి. చేతితో తాకి చూసి చెప్పే జ్వరం లెక్కలోకి రాదు. 100.4 దాటితేనే మేము జ్వరం అంటాం. నీళ్లు, గంజి, మజ్జిగ, ఏది దిగితే అది బాగా తాగండి. తలకి పోసుకుంటే సైనస్ పెరుగుతుందన్న భయం వద్దు, గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం, ఇప్పటిదాకా వేసుకున్న మందుల షీట్లు, రక్తపరీక్ష రిపోర్టు తీసుకెళ్లండి. షుగర్, బీపీ ఉన్నాయా అన్నది మీరు రాయలేదు. ఉంటే ఇక్కడ చెప్పండి, ఈ జవాబులో కొన్ని మాటలు మార్చాల్సి వస్తుంది.